రెండో ఇంటిపేరు

హసింతా చోకె ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే తెరిచే పని బుధవారంనాడు తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టింది. స్క్రీన్ మీద చిన్న పెట్టె వచ్చి, ఫోనుకి పంపిన ఆరంకెల సంఖ్య ఇమ్మంది. తన ఫోను బల్లమీదే ఉంది. దానికి ఏ సంఖ్యా రాలేదు.

ఇంకోసారి కొట్టి చూసి, కుర్చీ వెనక్కి జరిపి, "లింబెర్ట్, నా కంప్యూటర్ని ఏమన్నా కెలికావా?" అని అడిగింది.

పక్క బల్ల దగ్గర లింబెర్ట్ మాంసం కూరిన కజ్జికాయలాంటి సాల్తేన్యా తింటున్నాడు. కొచబాంబాలో పదిన్నరకు సాల్తేన్యా తినని ఆఫీసు ఉండదు. లోపలి వేడి రసం చొక్కా మీద పడకుండా దాన్ని నిలువుగా పట్టుకుని, మూల కొరికి, ముందు రసం పీల్చుకోవాలి. ఆ పనిలో ఉన్నవాణ్ణి పలకరించినా పలకడు. రసం అయ్యాకే అతను జవాబు చెప్పాడు.

"నేను కాదు, ఇంజె చేయించాడు. నిన్న సాయంత్రం నువ్వెళ్ళాక. ఇకమీదట మన టొకాయో ప్రోగ్రాం తాళం ఆయన ఫోన్లోనే ఉంటుందట. ఫౌండేషన్ వాళ్ళ రూలు. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళ దగ్గరే తాళం."

"మరి నేను పని ఎలా చెయ్యను?"

"పేరు ఆయనది, ఫోను ఆయనది, వేళ్ళు నీవి. వేళ్ళకి తాళం ఎందుకే?" అని తన మాటకు తనే నవ్వి, ఆమె నవ్వకపోయేసరికి కాగితంతో మూతి తుడుచుకున్నాడు.

ఇంజె అంటే ఇంజనీరు. పట్టా చేతికొచ్చినవాళ్ళనే అక్కడ అలా పిలుస్తారు. ఆఫీసు యజమాని గుఆల్బెర్తో సెగార్రాకి పట్టా ఉంది, దాన్ని అద్దం బిగించి గుమ్మానికెదురుగా తగిలించాడు. హసింతా క్లాసులన్నీ పూర్తిచేసింది గానీ చివరి థీసిస్ ఇవ్వలేదు. కాబట్టి ఆమె ఉత్త హసింతాయే. పట్టా ఉన్న ఇంజనీరు ముద్ర, సంతకం లేకపోతే ఆ ఊళ్ళో గోడ ప్లాను కూడా చెల్లదు. గుఆల్బెర్తో ఆ పద్ధతినే కోడ్‌కీ తెచ్చాడు. ఆఫీసులోంచి బయటికెళ్ళే ప్రతి మార్పూ తన పేరుమీదే వెళ్ళాలని అన్ని కంప్యూటర్లలోనూ తన పేరే పెట్టించాడు. అందులో అతనికి మోసమేమీ కనిపించలేదు. నిజానికి ఆ రోజుల్లో హసింతాకీ కనిపించలేదు.

ఒకే పేరున్న ఇద్దరు ఒకరినొకరు టొకాయో అని పిలుచుకుంటారు. హసింతా రాసిన ప్రోగ్రాం పేరూ అదే. కొండ ఊళ్ళ ఆసుపత్రుల్లో గుమాస్తాలు ఒకే పేరుని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ఒకరు హువాంకా అని రాసింది ఇంకొకరు వంక అని రాస్తారు. అప్పుడు ఇద్దరూ ఒకరేనా, వేరువేరా అని టొకాయో చెబుతుంది. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. ఆండీస్ పొడుగునా పదకొండు ఆసుపత్రులు వాడుతున్నాయి. హసింతా బస్సులో వెళ్తున్నా చర్చిలో కూర్చున్నా చెవికి కొత్తగా తగిలిన పేరునల్లా గళ్ళ నోటుబుక్కులో రాసుకుంటుంది. ఇంటికొచ్చాక రెండు మూడు రకాలుగా పైకి పలికి చూసి, మర్నాడు ఆ పలుకుబడికి తగ్గ నియమం కోడ్‌లో పెడుతుంది. అలాంటివి నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. ఎవరు ఏం మార్చారో చూపించే రికార్డులో ప్రతిదాని పక్కనా గుఆల్బెర్తో సెగార్రా ఉగార్తె అనే ఉంటుంది.

ఆమె లేచి అతని గదికి వెళ్ళింది.

"ఆ ఆరంకెలు చెప్పు కొంపాద్రె, పని మొదలెట్టాలి."

హసింతా కూతురు అబ్రిల్‌కి జ్ఞానస్నానంనాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డది గుఆల్బెర్తోయే. ఆ రోజు నుంచి అతను ఆమెకు కొంపాద్రె, ఆమె అతనికి కొమాద్రె. తోడబుట్టినవాళ్ళయినా తగువులాడుకోవచ్చు గానీ ఈ వరసవాళ్ళు తగువు పడకూడదు.

"ఇకమీదట అలా కుదరదు కొమాద్రె," అన్నాడు అతను నొచ్చుకుంటూ. "ఎవరు ఎక్కణ్ణించి వస్తున్నారో వాళ్ళకి కనిపిస్తుందట. ఇంకో కంప్యూటరు కనిపిస్తే తాళం మార్చేస్తామన్నారు. శనివారం అయిపోనీ. ఏదో ఒకటి చూద్దాం."

శనివారం విశ్వవిద్యాలయం హాల్లో ప్రోగ్రామర్ల సభ. ఏడు దేశాల నుంచి వస్తున్నారు. ఇలాంటి ఉచిత ప్రోగ్రాంలను పోషించే విదేశీ ఫౌండేషన్ టొకాయోని తన నీడలోకి తీసుకుని, దాన్ని చూసుకునే బాధ్యత ఎవరిదో ఆ సభలోనే ప్రకటిస్తుంది. ఆ బాధ్యత తనకు రావాలని హసింతా ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం ఉంటుందని ఆమెకు తోచలేదు.

గురువారం మధ్యాహ్నం సరిహద్దు అవతల పునో దగ్గరి ఓ చిన్న ఆసుపత్రి నుంచి మెయిల్లో ఉత్తరం వచ్చింది. రాసినావిడ రికార్డుల గుమాస్తా, పేరు యోలా. "గౌరవనీయులైన ఇంజె గారికి" అని మొదలుపెట్టింది. మంగళవారం నుంచి తమ దగ్గర ఇద్దరు సబీనాలు ఒక్కరైపోయారని రాసింది.

హసింతా ఉత్తరం కింద ఉన్న నంబరుకి ఫోను చేసింది.

"టొకాయో ఆఫీసు నుంచమ్మా."

"మీరు ఇంజె గారి సెక్రటరీయా?"

హసింతా, "అలాగే అనుకోండి. ఏం జరిగిందో చెప్పండి," అంది.

"సబీనా కిస్పె మమానీ అని ఒక పెద్దావిడ. అరవై దాటాయి, కాలికి పుండు. సబీనా కిస్పె హువాంకా అని ఇంకో పిల్ల, మొన్ననే పురుడు పోసుకుంది. ఇప్పుడు ఎవరి పేరు కొట్టినా ఈ పిల్ల కాగితమే వస్తోంది. పెద్దావిడకి పెన్సిలిన్ పడదండీ. ఆ ముక్క ఎక్కడికి పోయిందో కనబడ్డం లేదు."

"పాత ప్రోగ్రాం పెట్టించుకోలేరా?"

"పెట్టేవాడు లీమాలో ఉంటాడు. మీరు సైట్లో ఏది పెడితే అది దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నేనున్నప్పుడు పర్లేదు, ఆవిణ్ణి ఎరుగుదును, చీటీ రాసి అతికిస్తా. సోమవారం నాకు సెలవు. ఆవిడ కట్టు మార్పించుకోవడానికి వచ్చేది సోమవారమే. అయినా ఈ ఇద్దరి సంగతే నాకు తెలుసు. ఇంకా ఎంతమంది ఇలా కలిసిపోయారో నాకేం తెలుసు చెప్పండి?"

హసింతా ఫోను పెట్టేసి రికార్డు తెరిచింది. చూడ్డానికి తాళం అక్కర్లేదు. మంగళవారం సాయంత్రం ఒక మార్పు జరిగింది. పక్కన ఎప్పటిలాగే గుఆల్బెర్తో పేరు. మిగతావాటికీ దీనికీ పైకి ఏ తేడా లేదు. కానీ ఇది తను రాసింది కాదు. ఆరేళ్ళలో అతను సొంత చేత్తో రాసిన మొదటి మార్పు ఇది. పదకొండు వరసలు. ఆ దేశాల్లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. కిస్పెలు వీధికి పదిమంది ఉంటారు. వాళ్ళను విడదీసేది తల్లి ఇంటిపేరే. ఈ మార్పు ఆ రెండోదాన్ని చూడటం మానేసింది.

"రెండో ఇంటిపేరు తీసేశావు కొంపాద్రె," అంది గుమ్మంలో నిలబడి.

"తియ్యలేదు. లేకపోయినా సర్దుకోమన్నాను, అంతే. ఫౌండేషన్ వాళ్ళకి ఒకటే ఇంటిపేరు కదా. వాళ్ళ పేరు కొడితే తప్పు చూపిస్తోంది. శనివారం స్టేజి మీద వాళ్ళ పేరే కొట్టి చూపించాలి నేను."

ఆమె సబీనాల సంగతి చెప్పింది. అతను వింటూ కళ్ళద్దాలు తీసి టై కొసతో తుడిచాడు.

"అయ్యో," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. "చూస్తాను. ఇదిగో, ఇప్పుడే చూస్తాను."

ఆ ఊళ్ళో ఇదిగో అంటే గంట కావచ్చు, వారం కావచ్చు. హసింతా ఆరు దాకా కూర్చుంది. అతను ఉపన్యాసం బట్టీ పడుతూ గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు.

శుక్రవారం ఆ నెలకి మొదటి శుక్రవారం. ఆఫీసు ఊడ్చి, టీ కాచే ఆవిడ, దోన్యా కాస్తా, మధ్యాహ్నమే మట్టి కుంపటి తెచ్చి కింద నడవలో పెట్టి బొగ్గులు రాజేసింది. ఊదొత్తి వాసన వేసే ఎండు ఆకు, ఉన్ని పోగులు, బొమ్మలు అచ్చుపోసిన పంచదార బిళ్ళలు కాగితం మీద పేర్చింది. ఇల్లు, కారు, చేపలు, పట్టా కాగితం, ల్యాప్‌టాప్. ఎవరికేది కావాలో వాళ్ళు ఆ బిళ్ళ పెట్టి మనసులో అనుకుంటే, పొగతోపాటు ఆ కోరిక భూతల్లికి చేరుతుంది.

హసింతా కిందికి రాలేదు. తను కొత్తగా సొంత పేరుతో సైట్లో ఒక ఖాతా తెరిచింది. పదకొండు వరసలూ సరిచేసి, ఇద్దరు సబీనాలతోనూ పరీక్ష రాసి చూసింది. విడిపోయారు. ఒక ఇంటిపేరే ఉన్న విదేశీ పేరు కొట్టి చూసింది. అదీ పనిచేసింది. గంటన్నర పట్టింది. దారిన పోయే మనిషెవరైనా పంపినట్టు ఆ మార్పుని టొకాయోకి పంపింది.

పంపగానే పచ్చటి పట్టీ వచ్చింది. "టొకాయోకి మొదటిసారి వచ్చారా? స్వాగతం. మీ మార్పు చూసేముందు ఈ పత్రం మీద సంతకం చేయండి."

పత్రంలో నాలుగు వాక్యాలున్నాయి. మూడోది ఇలా ఉంది: "ఇంతకుముందున్న కోడ్ అంతా రికార్డులో పేరున్నవారిదేనని, అందులో నాకు ఏ భాగమూ లేదని, ఇకముందు కూడా అడగనని ఒప్పుకుంటున్నాను."

ఆమె చెయ్యి మౌసు మీంచి తీసేసింది. అరచేతులు లంగాకి తుడుచుకుని కిందికి దిగింది.

పొగ నడవంతా నిండింది. గుఆల్బెర్తో పట్టా బిళ్ళ పక్కన ల్యాప్‌టాప్ బిళ్ళ పెట్టి బీరు నాలుగు మూలలా చల్లుతున్నాడు. లింబెర్ట్ కారు బిళ్ళ పెట్టాడు.

"కిందటి నెల కూడా కారే పెట్టావు కదరా," అంది దోన్యా కాస్తా.

"అమ్మ మర్చిపోతుందేమోనని గుర్తు చేస్తున్నా."

"నువ్వు పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకొస్తే ఆవిడకి గుర్తుంటావు. హసింతీతా, నీకేం పెట్టను తల్లీ? పట్టా పెట్టనా?"

"నాకేమీ వద్దు దోన్యా," అని గుఆల్బెర్తో మోచెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. పత్రం గురించి చెప్పింది. "నువ్వు వాళ్ళకి ఒక్క ముక్క రాయి కొంపాద్రె. రాసింది నేనని. అప్పుడు ఈ సంతకంతో పనుండదు, నా తాళం నాకు వస్తుంది, సాయంత్రానికల్లా సరిచేసేస్తా."

అతను కుంపటి వైపు తిరిగాడు.

"ఆరేళ్ళు చదవకుండా ముద్ర వేశానని చెప్పమంటావా?"

"చదవకుండానే వేశావు కదా."

"అందరూ వేస్తారు కొమాద్రె. బ్రిడ్జీలకే అలా వేస్తారు." గొంతు తగ్గించాడు. "ఇప్పుడు రికార్డు అబద్ధమని రాస్తే వాళ్ళు నిన్ను పెట్టరు. మొత్తం వదిలేసి పోతారు. నా పట్టా మీదికి కూడా వస్తుంది. ఇక్కడ తొమ్మిదిమంది బతుకుతున్నారు. నువ్వు రాశావని మన ఆఫీసులో తెలియనిదెవరికి? అబ్రిల్‌కి తెలుసు, దోన్యా కాస్తాకి తెలుసు. ఆ పైన దేవుడికి తెలుసు."

"రికార్డుకి తెలీదు."

అతను బీరు సీసాలో మిగిలినది ఆమెకు అందించాడు. ఆమె మూలన కొంచెం నేలమీద పోసి, మిగతాది తాగింది. తాగకపోతే అతనితో చెడినట్టు. చెడగొట్టుకోవడం ఆమెకు చాతకాలేదు.

శనివారం హాలు నిండింది. హసింతా నల్ల కోటు వేసుకుని మూడో వరసలో కూర్చుంది. రాత్రంతా మనసులో కట్టుకున్న మాటలు మూడే ఉన్నాయి. లేచి నిలబడి, కోడ్ రాసింది తనేనని చెప్పాలి. ఎవరైనా ఏ నియమం గురించి అడిగినా జవాబు చెప్పగలనని చెప్పాలి. ఆ తర్వాత సబీనాల గురించి చెప్పాలి.

గుఆల్బెర్తో బాగా మాట్లాడాడు. హాల్లో ఉన్న కంప్యూటరు మీద విదేశీ పేరు కొట్టి చూపించాడు, ప్రోగ్రాం తప్పు చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. ఫౌండేషన్ తరఫున వచ్చిన పొడుగాటి మనిషి అతని మెడలో పట్టీ వేసి, ఇక నుంచి టొకాయో సంరక్షకుడు ఇతనేనని వచ్చీరాని స్పానిష్‌లో చెప్పాడు. సభ నడిపిస్తున్న మిర్తా పరాగ్వే మనిషి, గలగలా మాట్లాడుతుంది. ప్రశ్నలుంటే అడగమంది.

మైకు హసింతా చేతికి వచ్చింది. ఆమె లేచింది. పొద్దుటే యోలా మళ్ళీ రాసింది, ఇంకో ఇద్దరు దొరికారని, వాళ్ళు తల్లీకూతుళ్ళని. ఆ ఉత్తరం కళ్ళముందు ఉండగా, అనుకున్న మాటల్లో మొదటివి ఎటో పోయి చివరిదే ముందు బయటికొచ్చింది.

"మంగళవారం చేసిన మార్పు వల్ల మనుషులు కలిసిపోతున్నారు. రెండో ఇంటిపేరు చూడటం లేదు అది. ఇవాళే సరిచెయ్యాలి."

హాల్లో చిన్న గొణుగుడు వినిపించింది. మిర్తా పక్కకు వంగి, "మీరే ప్రాజెక్టు నుంచమ్మా?" అని అడిగింది.

హసింతా నోరు తెరిచేలోపే గుఆల్బెర్తో మైకు అందుకున్నాడు. అతని మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం ఆప్యాయంగా ఉంది. "మా కొమాద్రె. మా ఆఫీసులో పరీక్షలన్నీ ఆవిడే చూస్తుంది. ఈవిడ కళ్ళు తప్పించుకుని ఒక్క తప్పు కూడా పోలేదు. ఒక్కసారి చప్పట్లు కొట్టండి."

కొట్టారు. మనస్ఫూర్తిగానే కొట్టారు. ఇద్దరు వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వారు.

"చూశారా, ఇలాంటి మనుషులు కావాలి మనకి," అంది మిర్తా. "అమ్మా, సైట్లో మార్పు పంపండి. పత్రం ఉంటుంది, సంతకం చెయ్యండి, అంతే. ఎవరైనా పంపొచ్చు. మన సభ అందమే అది." మైకు వెనక వరసకి వెళ్ళిపోయింది.

హసింతా కాసేపు నిలబడే ఉంది. వెనకున్నాయన తనకి స్టేజి కనబడటం లేదన్నట్టు మెడ చాపాడు. ఆమె కూర్చుంది.

సభ అయ్యాక హాలు బయట ఫోటోల దగ్గర అతన్ని పట్టుకుంది.

"స్టేజి మీద చూపించడం అయిపోయింది కదా. ఇప్పుడు తీసెయ్యి."

"ల్యాప్‌టాప్ ఆఫీసులో ఉంది కొమాద్రె. ఐదింటికి వీళ్ళతో ఉయూని విమానం ఎక్కాలి, ఉప్పు ఎడారి చూపించాలంట. బుధవారం పొద్దున వస్తాను, రాగానే."

"ఆవిడ సోమవారం వస్తుంది."

అతను వాచీ చూసుకున్నాడు. కెమెరావాడు పిలుస్తున్నాడు. "నువ్వు పంపావు కదా, ఆ పత్రం ఒకటి అయిపోతే ఫోన్లోనే ఒప్పుకుంటాను. వేలు పెడితే చాలు." ఆ మాట అన్నాక ఆమె కళ్ళలోకి చూడలేదు. "నేను బలవంతం చెయ్యను," అన్నాడు నేలవైపు చూస్తూ.

మెట్ల పక్క సిమెంటు బెంచీ ఎండకి కాలి ఉంది. హసింతా కోటు మడిచి కింద వేసుకుని కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో తెరిచింది. పత్రం నాలుగు వాక్యాలూ ఇంకోసారి చదివింది. మూడోది రెండుసార్లు చదివింది. యోలా నంబరుకి ఫోను చేస్తే మోగింది గానీ ఎవరూ తియ్యలేదు, శనివారం మధ్యాహ్నం ఆఫీసు కట్టేసి ఉంటారు.

పేరు రాసేచోట హసింతా చోకె తెర్రాసాస్ అని పూర్తిగా రాసింది. నొక్కింది.

పది గజాల అవతల గుఆల్బెర్తో జేబులో ఫోను కిణుక్కుమంది. అతను పొడుగాటి మనిషికీ మిర్తాకీ మధ్య నిలబడి, కెమెరా వైపు నవ్వుతూనే ఫోను తీసి, బొటనవేలితో ఒకసారి తాకి లోపల పెట్టేశాడు. ఆమె స్క్రీన్ మీద గీత పచ్చబడింది. ఇంకో నిమిషానికి కొత్త టొకాయో సైట్లో ఉంది. రాత్రికి పునోకి చేరుతుంది.

ఆమె యోలాకి రాసింది. సోమవారం పెద్దావిడ కాగితం పెద్దావిడకే వస్తుందని, మిగతావాళ్ళని కూడా ఒకసారి సరిచూసుకోమని రాసి, కింద సంతకం దగ్గర ఆగి, "టొకాయో ఆఫీసు" అని పెట్టింది.

ల్యాప్‌టాప్ మూయబోతుంటే ఇంకో ఉత్తరం వచ్చింది. కీటో నుంచి యెసేనియా అనే అమ్మాయి రాసింది. కొత్తగా వచ్చేవాళ్ళకి దారి చూపించడం ఆమె పనట, ఫౌండేషన్ ఈ వారమే పెట్టింది.

"హాయ్ హసింతా గారూ, మీ మొదటి మార్పు ఇప్పుడే చూశాను. భలే చేశారు. మొదటిసారి పంపేటప్పుడు అందరికీ చేతులు వణుకుతాయి, నాకూ వణికాయి, ఏం అనుకోకండి. ఇంత పెద్ద కోడ్ చూసి కంగారుపడకండి, మెల్లగా అర్థమవుతుంది. కొత్తవాళ్ళకి తేలిగ్గా ఉండే పనులు మూడు పంపిస్తున్నాను. మీకు నచ్చింది తీసుకోండి. ఏదైనా తెలియకపోతే సిగ్గుపడకుండా నన్ను అడగండి."

కింద మూడు పనుల జాబితా ఉంది. హసింతా మూడూ చదివింది. మూడింటినీ రాసింది తనే. ఒక్కోటి పది నిమిషాల పని. కొత్తవాళ్ళెవరైనా వస్తే చెయ్యి తిరగడానికి ఉంటాయని, చెయ్యగలిగి కూడా చెయ్యకుండా వదిలేసింది. ప్రతిదాని కిందా, ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ఫైలు తెరవాలో, ఎక్కడ తడబడతారో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పి ఉంది. చెప్పినవారు గుఆల్బెర్తో సెగార్రా ఉగార్తె అని ఉంది.

ఫోటోలవాళ్ళు నవ్వుకుంటూ కార్ల వైపు వెళ్ళిపోయారు. మెట్ల మీద చెత్త ఊడుస్తున్న మనిషి ఆమె కాళ్ళ దగ్గరికొచ్చి ఆగితే కాళ్ళు పైకెత్తింది. అతను బెంచీ కింద ఊడ్చుకుని వెళ్ళాడు.

ఆమె మొదటి పని తెరిచి, పక్కన "నేను చేస్తాను" అని ఉన్నచోట నొక్కింది. కీటో నుంచి యెసేనియా వెంటనే చప్పట్ల బొమ్మ పంపింది.